కనపడని బొమ్మ, అమ్మనన్న ఫిల్టరు

సోమవారం పొద్దున విశ్వనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు షట్టరు ఎత్తాలి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించాలి, మెట్ల కింద మూలుగుతున్న ఇత్తడి కాఫీ ఫిల్టర్లను తుడిచి ముందు వరుసలో పెట్టాలి, ఆ తర్వాత కుర్చీలో కూర్చుని నోరు మూసుకోవాలి. అన్నిటిలోకీ ఈ చివరి పనే కష్టమని ఉప్పల్‌లో ఇంటి ముందు స్కూటరు స్టాండు తీస్తున్నప్పుడే అతనికి తెలుసు.

నాచారం మెయిన్ రోడ్డు మీద అతనిది స్టీలు సామాన్ల కొట్టు. ఎప్పుడో తణుకు నుంచి వచ్చి పెట్టుకున్నాడు. ఆ కొట్టుకు పేరు తెచ్చింది సామాన్లు కాదు, యజమాని నోట్లోంచి వచ్చే ఒక మాట. "వద్దు." ఈ కుక్కరు మీ ఇంటికి పెద్దదమ్మా, వద్దు. ఈ మూకుడు అడుగు పలచన, కూర మాడుతుంది, వద్దు. ఇలా మొహమాటం లేకుండా వద్దంటాడు కాబట్టే, అతను తీసుకోమన్నదాన్ని జనం తిప్పి చూడకుండా సంచిలో వేసుకునేవాళ్లు. వర్తకుడికి పెట్టుబడి రెండు చోట్ల ఉంటుంది, ఒకటి బీరువాలో, రెండోది ఊరివాళ్ల చెవుల్లో. విశ్వనాథానికి బీరువాలోది ఎప్పుడూ అంతంతమాత్రమే. చెవుల్లోదాని మీదే ఇల్లు గడుస్తోంది.

కాఫీ ఫిల్టర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పెట్టుబడే అడ్డం తిరిగింది. హబ్సిగూడ, చిల్కానగర్ వైపు కోస్తావాళ్ల ఇళ్లు పెరుగుతున్నాయి, వాళ్లు కాఫీ చుక్క పడనిదే మంచం దిగరు, కాబట్టి ఫిల్టర్లు ఎగిరిపోతాయని లెక్క వేసి, బేగంబజారు నుంచి పెద్ద పెట్టెల నిండా దింపించాడు. తప్పు ఎక్కడుందో తర్వాత తేలింది. కాఫీ తాగేవాళ్లు ఫిల్టరు కూడా ఊరి నుంచి వెంట తెచ్చుకున్నారు. తెచ్చుకోనివాళ్లు చాయ్ తాగుతున్నారు. ఎవరైనా పొరపాటున ఆ ఇత్తడి మెరుపు చూసి చేతిలోకి తీసుకుంటే విశ్వనాథం నోరు ఊరుకోదు.

"కాఫీ తాగుతారా?"

"లే సేటు."

"అయితే ఇదెందుకు? వద్దు."

ఈలోగా ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర అద్దాల మాలు ఒకటి తెరుచుకుంది. లోపల చల్లగా ఉంటుంది. అక్కడ ఎవరూ ఎవరికీ వద్దు అని చెప్పరు. జనం అటు నడుస్తున్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే కొట్టులో సామాను తనకూ తారామణికీ వండుకోవడానికే మిగులుతుందని విశ్వనాథానికి భయం పట్టుకుంది.

ఆ భయాన్ని భోజనాల దగ్గర పైకి అనడమే అతను చేసిన పొరపాటు. ఆ పూట భోజనానికి గౌతమ్ వచ్చి ఉన్నాడు. తారామణి అన్న కొడుకు. ఎక్కడో అడ్వర్టయిజ్‌మెంట్లు తయారుచేసే ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం.

"మామయ్యా, మీ ప్రాబ్లం మీ నోరు," అన్నాడు గౌతమ్ పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "మీ నోటితో పని లేకుండా సరుకు అమ్మే దారి నా దగ్గరుంది."

"మూగవాణ్ణి కొట్లో పెట్టమంటావా?"

"కాదు. మీ నాచారం నుంచి ఇక్కడ ఉప్పల్ దాకా కేబుల్ నడిపే బిక్షపతి అన్న ఉన్నాడు కదా, ఆదివారం మధ్యాహ్నం తన లోకల్ ఛానల్లో పాత సినిమా వేస్తాడు. సినిమా అంటే ఏంటి? బొమ్మ వెనక బొమ్మ, గబగబా. అందులో అక్కడక్కడా ఒక్క బొమ్మ తీసేసి మన ఫిల్టరు బొమ్మ పెడతాను. పొగలు వస్తూ ఉంటాయి. కంటికి కనపడదు, అంత వేగంగా పోతుంది. మనసుకి మాత్రం కనపడుతుంది. సోమవారం పొద్దున లేచేసరికి మనిషికి ఫిల్టరు కొనాలనిపిస్తుంది. ఎందుకనిపించిందో వాడికే తెలియదు!"

విశ్వనాథం చెయ్యి కంచంలో ఆగిపోయింది. తారామణి చేతిలో గరిటె గాల్లో ఆగిపోయింది.

"అంటే కొనేవాడికి తెలియకుండా కొనిపించడమా?" అంది తారామణి.

"అత్తయ్యా, మిర్చిబజ్జీల బండివాడు నూనె వాసన నీ ముక్కులోకి పంపేముందు నీ పర్మిషన్ అడుగుతున్నాడా?"

"అడగడు. కానీ బండి కనపడుతుంది. వద్దనుకుంటే ముక్కు మూసుకుని అవతలికి పోతాను. నీ బొమ్మకి కళ్లెప్పుడు మూసుకోవాలి? కనపడనే కనపడదంటున్నావు!"

గౌతమ్ ఇంకాస్త పప్పు వడ్డించుకున్నాడు. విశ్వనాథం మాత్రం రెండు రోజులు మనసులో తక్కెడ పట్టుకుని తిరిగాడు. ఒక సిబ్బెలో, ఇది తూకం వేసేటప్పుడు సిబ్బె కింద వేలు పెట్టడం లాంటిదే అన్న అనుమానం. రెండో సిబ్బెలో, సరుకు మంచిది, బరువైన ఇత్తడి, అబద్ధం ఒక్కటీ ఆడనక్కర్లేదు అన్న ఊరట. చివరికి రెండో సిబ్బె కిందికి దిగింది. దాని కింద తన వేలే ఉందేమో చూసుకోలేదు.

అబద్ధం ఒక్కటీ అక్కర్లేదనుకున్నాడు కానీ, మొదటి అడుగులోనే ఒకటి కావలసి వచ్చింది. బిక్షపతి దగ్గరికి వెళ్లి, "నీ సినిమా డిస్కు మీద గీతలు పడ్డాయటగా, మావాడు శుభ్రం చేసి ఇస్తాడు" అన్నాడు. ఫిల్టరు సంగతి చెప్పలేదు. బిక్షపతి సంతోషంగా ఇచ్చేశాడు. అతని బుర్ర ఆ రోజుల్లో డిస్కుల మీద లేదు. సెట్‌టాప్ బాక్సు పెట్టుకోని ఇంట్లో టీవీ బందు అని గవర్నమెంటు వాళ్లు గడువు పెట్టిన ఏడాది అది. బాక్సులు వస్తే ఎన్ని ఇళ్లకు వైరు ఉందో తేలిపోతుంది. బిక్షపతి లెక్కల్లో చూపించే ఇళ్లు కొన్ని, వైరు వెళ్లే ఇళ్లు చాలా. ఒక ఇంటికి లాగిన వైరు దండెం మీది చీరలా పక్కింటి కిటికీలోకి కూడా దూరిపోయేది.

"మామయ్యా, మీరు మాత్రం ఆ సినిమా చూడకండి," అని గౌతమ్ హెచ్చరించాడు. "మీ కొట్లో ఫిల్టరు మీరే కొనుక్కుంటారు." ఆదివారం మధ్యాహ్నం విశ్వనాథం తన ఇంట్లో టీవీ వైరు పీకేసి, ఇంకా అనుమానం తీరక గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇక సోమవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్టు మీద మల్లవ్వ నిలబడి ఉంది.

కొట్టుకు ఎదురుగా రోడ్డవతల మల్లవ్వది చాయ్ బండి. నాచారంలో షిఫ్టు దిగేవాడూ ఎక్కేవాడూ ఆమె చాయ్ తాగనిదే కదలడు. కాఫీ అన్నమాట ఆమె నోట ఎప్పుడూ ఎవరూ వినలేదు. ఒకసారి విశ్వనాథమే అడిగితే, మాడిన గింజలు నానేసుకుని తాగుడేంది అని నవ్వింది కూడా.

"సేటు, గా కాఫీ డబ్బ ఒకటియ్యి," అంది మల్లవ్వ.

విశ్వనాథం అగరొత్తి గుచ్చబోయి వెనక్కి తిరిగాడు.

"ఏ డబ్బా?"

"గదే, రెండంతస్తులుంటది సూడు, ఇత్తడిది. పెద్దదియ్యి."

"నువ్వు కాఫీ తాగవు కదా మల్లవ్వా."

"తాగ."

"మరెందుకు?"

మల్లవ్వ అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "ఎందుకంటె ఏం జెప్పాలె? కావాలె. పొద్దుగాల లేసిన, మనసుల వడ్డది, వచ్చిన. నీకెందుకు గవన్ని?"

గౌతమ్ చెప్పింది చెప్పినట్టుగా జరుగుతోంది. విశ్వనాథం ఆఖరి ఆశగా ఒక్క ప్రశ్న వేశాడు.

"నిన్న మధ్యాహ్నం టీవీలో సినిమా చూశావా?"

"సూసిన. మస్తుగుండె. ఏం, సూడద్దా?"

ఎదురుగా నిలబడింది ఇన్నేళ్లుగా తెలిసిన మనిషి. చెయ్యి చాపింది ఆమే, అడుగుతున్నది మాత్రం ఆమె కాదు, తను దొంగతనంగా ఆమె బుర్రలో పెట్టించిన బొమ్మ. ఆ చేతిలో ఫిల్టరు పెడితే అది అమ్మకం అనిపించుకోదు, జేబు కొట్టడం అవుతుంది. మంచి సరుకు, అబద్ధం లేదు అన్న మొన్నటి ఊరట ఆమె మొహం చూసేసరికి ఆవిరైపోయింది.

"ఫిల్టరు ఇవ్వను మల్లవ్వా. వేరే ఏమన్నా తీసుకో."

రోజులో మొదటి బేరాన్ని ఏ వ్యాపారస్తుడూ కాదనడు. బోణీ బేరానికి నష్టమైనా సరే చేతిలో పెట్టి, వచ్చినదాన్ని కళ్లకద్దుకుంటాడు. బోణీకి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపిస్తే ఆ రోజంతా కొట్టు మీద దరిద్రం కూర్చుంటుందని విశ్వనాథమే అందరికీ చెప్పేవాడు.

"బోణికి లేదంటవా సేటు? పొద్దుగాల పొద్దుగాల? సరుకు దగ్గర పెట్టుకోని?"

"నీ మంచికే చెబుతున్నా. ఓ రెండు రోజులు ఆగు. అప్పటికీ కావాలనిపిస్తే రా."

"రెండు దినాలల్ల ఏమైతది?"

"దిగిపోతుంది," అన్నాడు విశ్వనాథం నోరు జారి.

"ఏంది దిగేది?"

మల్లవ్వ అతన్ని కింది నుంచి పై దాకా చూసి, రోడ్డు దాటి తన బండి దగ్గరికి వెళ్లిపోయింది. చాయ్ బండి దగ్గర చెప్పిన మాటకు మైకు అక్కర్లేదు. షిఫ్టుకు పోయేవాళ్లు గ్లాసు పట్టుకుని వింటున్నారు.

"సేటు బోణికి గూడ లేదన్నడంటె గా ఇత్తడిల ఏందో ఉన్నది," అంటోంది మల్లవ్వ. "రెండు దినాలు ఆగాలెనట. ధర వెరుగుతదేమో. దాసి పెడుతుండు."

కాసేపటికి ఇద్దరు ఫ్యాక్టరీ మనుషులు వచ్చారు. వాళ్లకూ ఫిల్టరే కావాలి. విశ్వనాథం వాళ్లను కూడా అదే అడిగాడు, నిన్న టీవీలో సినిమా చూశారా అని. చూశామన్నారు. అయితే ఇవ్వనన్నాడు. వాళ్లు బయటికి వచ్చి బండి దగ్గర నిలబడ్డారు.

"ఏమన్నడు?" అంది మల్లవ్వ.

"ఇస్తలేడు. ఇంట్ల కేబుల్ ఉన్నదా, టీవీ సూసిన్రా అని అడుగుతుండు."

కేబుల్ ఉన్నదా అని ఆ నెలలో ఊరికే ఎవరడుగుతారు? పక్కింటి కిటికీలోంచి వైరు లాక్కున్న ఒకాయన చాయ్ సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

"బాక్సుల సర్వే సేట్‌కు ఇచ్చినట్టున్నరు. టీవీ ఉన్నదంటె పేరు రాసుకుంటడు. లేదంటెనే సామాన్ ఇస్తడు," అని ఇంకొకాయన తేల్చాడు. ఇది నిజమో కాదో చూడటానికి తనే వెళ్లాడు.

"సినిమానా? మా ఇంట్ల టీవీయే లేదు సేటు!"

విశ్వనాథం గుండె మీద బరువు దిగిపోయింది. హమ్మయ్య, బొమ్మ తగలని మనిషి, సొంత బుర్రతో వచ్చిన మనిషి! సంతోషంగా ఫిల్టరు చేతిలో పెట్టి బోణీ కళ్లకద్దుకున్నాడు. కాఫీ తాగుతారా అని అడగాలన్న సంగతే మరిచిపోయాడు.

ఆ మనిషి ఫిల్టరు ఎత్తి చూపిస్తూ రోడ్డు దాటాడు. అంతే. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరికీ టీవీ లేదు. కొందరికి అసలు కరెంటే లేదు. ఒకామె తను చిన్నప్పటి నుంచి సినిమా అన్నది చూడలేదని ఒట్టు వేసింది. ఇస్తడంట, ఆంధ్రోళ్లకే ఇస్తడంట అని ఎవరో అనబోయారు కానీ, మల్లవ్వ అన్నకొడుకే ఫిల్టరు చంకలో పెట్టుకుని ఎదురొచ్చేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది.

అమ్ముతున్నకొద్దీ విశ్వనాథానికి అయోమయం పెరిగింది. నాచారంలో ఇంతమందికి టీవీ లేకపోతే బిక్షపతి ఎవరికి సినిమా వేస్తున్నాడు? రోడ్డు మీద ఆకాశం కనపడకుండా అల్లుకున్న ఆ నల్ల వైర్లన్నీ ఎక్కడికి పోతున్నాయి? సినిమా చూడనివాళ్లందరూ ఒకే పొద్దున, ఒకే వస్తువు కోసం ఎందుకు వస్తున్నారు?

సరిగ్గా అప్పుడే శ్యామలాదేవి వచ్చింది. చిల్కానగర్లో ఉండే టీచరు. తారామణికి స్నేహితురాలు. సాయంత్రం సీరియల్లో అత్తగారు కోడలికి ఏం చేసిందో ఫోనులో గంటలకొద్దీ చెప్పే మనిషి.

"అన్నయ్యగారూ, ఒక ఫిల్టరు కావాలండీ."

"మీ ఇంట్లో ఫిల్టరు ఉండాలి కదమ్మా. కాకినాడ నుంచి తెచ్చుకున్నానన్నారు."

"ఇంకోటి ఉంటే మంచిది కదండీ." ఆమె చుట్టూ చూసి, ఎవరో నేర్పి పంపినట్టు స్పష్టంగా అంది. "మాకు టీవీ లేదు."

విశ్వనాథం కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "టీవీ... లేదా?"

"లేదండీ."

"మొన్న శనివారం మా ఆవిడకి సీరియల్ కథంతా చెప్పారు కదమ్మా!"

"నేనా? ఏ సీరియలండీ?" అంది శ్యామలాదేవి కళ్లు దించుకుని.

ఇప్పుడు అర్థమైంది. బొమ్మ తగలని మనుషులు కారు వీళ్లు. అందరికంటే ఎక్కువ తగిలినవాళ్లు! బొమ్మ బుర్రలోకి పోయి ఫిల్టరు కొనమనడమే కాదు, లోపల ఉన్న టీవీని కూడా చెరిపేసింది. తలుపు గొళ్లెం తీసి దొంగను లోపలికి పంపింది తనే. వాడు ఇల్లంతా ఊడ్చుకుపోతున్నాడు. ఇవాళ టీవీ మరిచిపోయారు. రేపు ఇంటి దారి మరిచిపోతే?

గౌతమ్‌కు ఫోను కొట్టాడు.

"ఒరే, నీ బొమ్మ చూసినవాళ్లు టీవీ ఉన్న సంగతి కూడా మరిచిపోతారా?"

"అంటే... పనిచేసిందా మామయ్యా?" గౌతమ్ గొంతులో సంతోషం కన్నా భయం ఎక్కువగా వినిపించింది.

"పనిచేసిందా ఏమిట్రా? శ్యామలాదేవికి అత్తగారు కోడలూ కూడా గుర్తు లేరు!"

"మామయ్యా, నిజం చెబుతున్నా, నేను ఎక్కడో సగం చదివి చెప్పాను. మా ఆఫీసులో అది పనిచేస్తుందని ఎవరూ నమ్మరు. నేనూ నమ్మలేదు. ఎవరైనా అడిగితే నా పేరు మాత్రం చెప్పకండి." గౌతమ్ ఫోను పెట్టేశాడు.

విశ్వనాథం లేచి నిలబడ్డాడు. మిగిలిన ఫిల్టర్లను చేతులతో కప్పి, "ఇక ఎవరికీ లేవు! ఎవరికీ అమ్మను! అందరూ ఇళ్లకు పోయి, చల్లటి నీళ్లతో మొహం కడుక్కుని పడుకోండి!" అని అరిచాడు. ఆ అరుపుతో, ఊరికే చూడటానికి ఆగినవాళ్లు కూడా మెట్లెక్కారు. కొట్టులో గాలి ఆడలేదు. ఫిల్టరు అంటే ఏమిటో తెలియని ఒక పెద్దాయన, "గదేందో గాని, నాకు రెండు," అని వెనక నుంచి చెయ్యి ఎత్తాడు.

ఆ గుంపును చీల్చుకుంటూ బిక్షపతి వచ్చాడు. భుజం మీద నల్ల వైరు చుట్ట, చొక్కా నిండా దుమ్ము, చేతిలో కట్టరు.

"ఏం సేటు, నా కడుపు మీద కొడుతున్నవేంది? నీకేమన్యాయం జేసిన?"

"నేనేం చేశాను బిక్షపతీ?"

"పొద్దుగాల్నుంచి ఫోనులే ఫోనులు! బిక్షపతన్నా, మా ఇంటి వైరు పీకెయ్యి, స్టీల్ సేటు సర్వే జేస్తుండు అని. స్తంభం ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు, దిగుడు! సగం నాచారం వైర్లు నా బుజం మీదనే ఉన్నయి. ఎవరికి లెక్క రాసిస్తున్నవు జెప్పు. నాలుగు మాటలు నేనుగూడ మాట్లాడుత వాళ్లతోని."

"సర్వే ఏమిటి? నేనేం రాయలేదయ్యా!"

"మరి వచ్చినోళ్లందరిని టీవీ ఉన్నదా, కేబుల్ ఉన్నదా అని ఎందుకడుగుతున్నవు?"

అందరూ విశ్వనాథం వైపు చూశారు. అతను ఎదుట నిలబడ్డ మొహాలు చూశాడు. వద్దన్న మాట నమ్మి ఇన్నేళ్లు ఈ మెట్లెక్కిన మొహాలు. ఇప్పుడు నిజం చెబితే, ఆ చెవుల్లో ఉన్న పెట్టుబడంతా ఈ పూటతో కరిగిపోతుంది. చెప్పకపోతే ఇల్లు మరిచిపోయేవాళ్ల పాపం తన మెడకు చుట్టుకుంటుంది. నష్టం ఎటూ తప్పనప్పుడు చిన్నదాన్ని ఎంచుకోవడం వర్తకుడి పద్ధతి. కానీ ఈ రెంటిలో చిన్నది ఏదో అతనికి అంతు పట్టలేదు. అందుకే నిజమే చెప్పాడు.

"నీ డిస్కులో గీతలు లేవు బిక్షపతీ. అది అబద్ధం. మావాడితో నీ సినిమాలో ఫిల్టరు బొమ్మ పెట్టించాను. కంటికి కనపడకుండా. అది చూసినవాళ్లకి ఎందుకో తెలియకుండానే ఫిల్టరు కొనాలనిపిస్తుంది. మీరంతా మీ బుర్రతో రాలేదు. నేను పిలిస్తే వచ్చారు, పిలిచినట్టు మీకు తెలియకుండా. తప్పు నాది. కొన్నవాళ్లు తిరిగి ఇచ్చెయ్యండి, తీసుకుంటాను."

బిక్షపతి కట్టరుతో తల గోక్కున్నాడు.

"ఏ డిస్కు సేటు? మీ అల్లుడిచ్చిందా?"

"అదే."

"అది పేర్లు వడంగనే ఆగిపోయింది గద! ఎన్నిసార్లు తుడిసినా నడుస్తలేదు. తీసి పక్కకు వారేసి ఇంకో సినిమా ఏసిన. జనం సూసింది గదే. నీ బొమ్మ ఒక్కడు సూడలే."

విశ్వనాథం మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "ఒక్కరూ చూడలేదా? అయితే మల్లవ్వా, నువ్వెందుకొచ్చావు? కాఫీ తాగవు. మనసులో పడిందన్నావు."

మల్లవ్వ గుంపు వెనక నుంచి ముందుకొచ్చింది. రహస్యం బయటపెట్టక తప్పదని తెలిసి మొహం చిట్లించుకుంది.

"ఫ్యాక్టరీల కొత్త ఆఫీసర్లు వచ్చిన్రు సేటు, మీ దిక్కోళ్లే. చాయ్ ముట్టరు. కాఫీ వెడితె నా బండికాడికే వస్తరు. గల్లీ మూలమీది బండోడికి తెలువకముందే మొదలువెడదామని సప్పుడు జెయ్యక వచ్చిన. ఇగ ఇప్పుడు వానికి గూడ తెలిసె, నీ పుణ్యాన."

"మరి మిగతావాళ్లు?"

"నువ్వు అమ్మనంటివి గద!" అన్నారు నలుగురు ఒకేసారి.

"అవునండీ అన్నయ్యగారూ," అంది శ్యామలాదేవి సిగ్గుపడుతూ. "మీరు ఎవరికీ ఇవ్వట్లేదంటే ఏదో అపురూపమైన సరుకై ఉంటుందనుకున్నాను. టీవీ లేదంటేనే ఇస్తారని బయట చెప్పారు. ఉందండీ. అత్తగారు మొన్న కోడల్ని ఇంట్లోంచి గెంటేసింది కూడా."

విశ్వనాథం లేచి చేతులు జోడించాడు. "సరే. ఇప్పుడు అందరికీ అసలు సంగతి తెలిసింది కదా. చాయ్ తాగే ఇంట్లో ఇది ఉత్త చెత్త. ధర పెరగదు. నా మాట వినండి. వద్దు. ఇచ్చెయ్యండి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫిల్టర్లు ఉన్నవాళ్లు వాటిని కొంగు కిందికీ, చంకలోకీ సర్దుకున్నారు.

"తప్పు ఒప్పుకున్నంక గూడ వాపసు తీసుకుంటనంటుండంటె," అన్నాడు ఇందాకటి పెద్దాయన పక్కవాడితో, "గట్టి సరుకే. ఇంకా రెండు పట్టు."

మధ్యాహ్నానికి పెట్టెలన్నీ ఖాళీ. బిక్షపతి మళ్లీ స్తంభాలెక్కి పీకిన వైర్లన్నీ తగిలించాడు. అందుకు పరిహారంగా ఒక ఫిల్టరు పట్టుకుపోయాడు. అతని ఇంట్లో కూడా ఎవరూ కాఫీ తాగరు.

ఇంటికి వెళ్లి జరిగిందంతా చెబితే తారామణి నవ్వలేదు. "పోనీలెండి, బొమ్మ పడలేదు కాబట్టి పాపం అంటలేదు," అంటుందని అతను ఎదురు చూశాడు. ఆమె మాత్రం కూర కలుపుతూ ఒక్క మాట అంది.

"గౌతమ్ బొమ్మ ఎవరికీ కనపడలేదు, ఎవరూ కొనలేదు. మీ 'వద్దు' అందరికీ వినపడింది, అందరూ కొన్నారు. ఇప్పుడు ఇందులో ఏది దొంగ ప్రచారం అంటారు?"

"నేను మనస్ఫూర్తిగా వద్దన్నాను తారా!"

"ఇవాళ మనస్ఫూర్తిగానే అన్నారు. వద్దంటే కొంటారని ఇప్పుడు మీకు తెలిసింది కదా. రేపటి నుంచి ఎలా అంటారు?"

అతను ఇంకాస్త కూర వడ్డించుకున్నాడు.

మంగళవారం పొద్దున షట్టరు ఎత్తి అగరొత్తి వెలిగించేసరికి ఒక కొత్త కోడలు లోపలికి వచ్చింది. మొన్ననే కాపురానికి వచ్చినట్టుంది, చేతుల నిండా గాజులు. వరుసలో ఉన్నవన్నీ చూసి, సరిగ్గా ఆ అడుగు పలచన మూకుడు చేతిలోకి తీసుకుంది. రోడ్డవతల చాయ్ బండి దగ్గర గ్లాసులు నోటి దగ్గరే ఆగాయి. మల్లవ్వ కాఫీ పోస్తున్న చెయ్యి ఆపి ఇటే చూస్తోంది.

"సేటు, గిది మంచిగుంటదా?"

వద్దు అన్న మాట అలవాటుగా విశ్వనాథం నాలుక చివరికి వచ్చింది. అక్కడే ఆగింది. అంటే ఈ అమ్మాయి రెండు తీసుకుంటుంది. బండి దగ్గరున్నవాళ్లు మిగతావి పట్టుకుపోతారు. ఈ వారమంతా నాచారంలో కూరలు మాడిన వాసన వస్తుంది. ఈ అమ్మాయి అత్తగారింట మొదటి కూరే మాడ్చుకుంటుంది. మూకుడు అమ్ముడుపోవాలంటే నిజం చెబితే చాలు. నిన్నటితో లెక్క తిరగబడింది, వద్దన్నది కొంటారు, తీసుకోమన్నది అనుమానిస్తారు; అమ్మాయి బాగుపడాలంటే అబద్ధం ఆడాలి. విశ్వనాథం జీవితంలో మొదటిసారి గొంతు సవరించుకుని, పళ్లన్నీ కనపడేట్టు నవ్వాడు.

"చాలా మంచిదమ్మా. ఇలాంటిది ఎక్కడా దొరకదు. తప్పకుండా తీసుకో."

ఆ అమ్మాయి అతని మొహం చూసింది, మూకుడు చూసింది, మళ్లీ అతని మొహం చూసింది. మూకుడు జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టేసి, గాజులు చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయింది.

ఆ రోజు బోణీ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది.